ఆరన్ దీవిలో అమ్మానాన్నలతో ఒక నిదానమైన రోజు: లోక్‌రాంజా, క్యాటకాల్

తెనాలి_అమ్మాయి | జూన్ 22, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నెల కిందట ఇక్కడే అడిగాను, అమ్మానాన్నలు వస్తున్నారు, అమ్మకి మోకాళ్ల నొప్పులు, స్కాట్లాండ్‌లో ఏ దీవికి తీసుకెళ్తే బాగుంటుందని. స్కై దీవికి వెళ్తే రాకపోకలకే రెండు రోజులు పోతాయి, గ్లాస్గో నుంచి ఆరన్ దగ్గర, కారు లేకపోయినా తిరగొచ్చు అని క్లైడ్_ఒడ్డున గారు చెప్పారు. ఆ మాట పట్టుకునే వెళ్లాం. మూడు రాత్రులు లామ్లాష్‌లో ఉన్నాం. మొత్తం ట్రిప్ రాయను, రెండో రోజు గురించి మాత్రం రాస్తాను. అమ్మ ఇప్పటికీ ఆ రోజు సంగతే చెబుతోంది.

ఆ రోజుకి ప్లాన్ అంటూ పెద్దగా లేదు. లామ్లాష్‌లో బస్సెక్కి బ్రాడిక్, అక్కడ బస్సు మారి ఉత్తరం కొసన ఉన్న లోక్‌రాంజా. సాయంత్రానికి వెనక్కి. అంతే. దీవి చుట్టూ రోడ్డు 56 మైళ్లు ఉంటుంది, ఒక్క రోజులో చుట్టి రావచ్చని చాలామంది రాస్తారు. నాన్న కూడా మ్యాప్ ముందేసుకుని "ఇదీ చూద్దాం, అదీ చూద్దాం" అన్నారు. అమ్మ ఒకటే మాట అంది: "నాకు దిగడం, ఎక్కడం వద్దు. ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టండి చాలు."

బస్సులో కుడివైపు కూర్చోండి. బ్రాడిక్ నుంచి కోరీ, సానక్స్ దాకా సముద్రం కిటికీ పక్కనే ఉంటుంది. కోరీ రేవులో పడవలు కట్టే గుంజల్ని గొర్రెల ఆకారంలో చేసి పెట్టారు. సానక్స్ దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలి కొండెక్కుతుంది. అక్కడ చెట్టూ చేమా తగ్గిపోయి, అంతా గోధుమరంగు గడ్డి, మధ్యలో సన్నటి వాగులు. మళ్లీ దిగేసరికి ఎదురుగా లోక్‌రాంజా.

చిన్న ఊరు. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఆ పాయలోకి నాలుకలా సాగిన గులకరాళ్ల మేట, దాని మీద పాడుబడిన కోట. మొదట 13వ శతాబ్దంలో కట్టి, 16వ శతాబ్దంలో మార్చి కట్టారట. టికెట్ లేదు. కోటలో పది నిమిషాలకంటే ఎక్కువ చూసేదేం లేదు. కానీ దాని పక్కన గడ్డిలో మేము రెండు గంటలు కూర్చున్నాం.

అక్కడ జింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి. ఎర్ర జింకలు, మన చుక్కల జింకల కంటే బాగా పెద్దవి, దాదాపు ఆవుదూడంత. ఒక మగ జింక మాకు పదడుగుల దూరంలో గడ్డి మేస్తూ వచ్చింది. జూన్ కదా, కొమ్ములు ఇంకా పెరుగుతున్నాయి, వాటి నిండా మఖ్మల్ గుడ్డ చుట్టినట్టు నూగు. ఆ నూగు మీద ఈగ వాలితే చెవి విదిలించేది. పళ్లతో గడ్డి తెంపుతుంటే "పరక్ పరక్" మని చప్పుడు వినపడేది, అంత నిశ్శబ్దం. అమ్మ పులిహోర డబ్బా మూత తీయబోయి ఆగిపోయింది, చప్పుడుకి అది బెదిరిపోతుందేమోనని. అది వెళ్లేదాకా మేం తినలేదు. (వాటికి తిండి పెట్టకూడదు, అది గుర్తుపెట్టుకోండి.)

ఆ తర్వాత నాన్న ఒక్కరే సముద్రపు పాయ అవతలి ఒడ్డు వెంట న్యూటన్ పాయింట్ దాకా నడిచి వచ్చారు. ఆయన రిటైర్డ్ సైన్స్ మాస్టారు. అక్కడ ఏవో పేరున్న రాళ్లున్నాయని ఎక్కడో చదివారు. ఫోటోలు తీసుకొచ్చారు (ఇక్కడ పెట్టాను) కానీ ఏది దేనికి ప్రసిద్ధో మాకు తెలియలేదు. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాన్నకి చూపిస్తాను.

మధ్యాహ్నం మళ్లీ బస్సెక్కి రెండు మైళ్ల దూరంలోని క్యాటకాల్‌లో దిగాం. సముద్రం వైపు తిరిగి ఒకే వరుసలో పన్నెండు తెల్లటి ఇళ్లు. పన్నెండుమంది అపొస్తలులు (క్రీస్తు శిష్యులు) అంటారు వాటిని. అన్నీ ఒకేలా ఉంటాయి, మేడ మీద కిటికీలు తప్ప. ఒక్కో ఇంటి కిటికీ ఆకారం ఒక్కో రకం. చేపల వేటకి వెళ్లిన మగవాళ్లకి రాత్రిపూట కిటికీలో వెలిగే కొవ్వొత్తిని బట్టి తమ ఇల్లేదో తెలియాలని అలా కట్టారని చెప్పుకుంటారు.

అక్కడే మా తప్పు జరిగింది. నేను ఫోన్‌లో దాచుకున్న బస్సుల టైంటేబుల్ పాతది. తిరుగు బస్సు మా కళ్లముందే వెళ్లిపోయింది, తర్వాతి బస్సు రెండు గంటల పైమాటే. నాకు బాగా టెన్షన్ వచ్చింది, అమ్మని అంతసేపు ఎక్కడ కూర్చోబెట్టను? రోడ్డుకి అవతల సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చుంది. కాసేపటికి ఒకావిడ కుక్కని తీసుకుని అటుగా వచ్చారు, డెబ్భై ఏళ్లు దాటి ఉంటాయి. అమ్మ మోకాలు పట్టుకుని ఉండడం చూశారు. ఏమీ అడగలేదు. వెనక్కి వెళ్లి ఒక చెక్క కుర్చీ మోసుకొచ్చి రోడ్డు దాటించి అమ్మ పక్కన పెట్టారు. "వెళ్లేటప్పుడు ఆ గోడ పక్కన పెట్టేయండి చాలు" అన్నారు. అమ్మ సంచిలోంచి చెక్కల పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ అక్కడే నిలబడి ఒక చెక్క కొరికి, కారానికి కళ్లలో నీళ్లొచ్చినా, ఇంకోటి తీసుకున్నారు.

ఆ రెండు గంటల్లో అమ్మ పన్నెండు కిటికీలూ ఒక్కొక్కటే చూసింది. నాన్న వడ్డున రాళ్ల మీద సీల్స్‌ని చూశారు. అవి పడుకున్నప్పుడు తల, తోక రెండూ పైకెత్తి అరటికాయలా వంగి ఉంటాయి. బస్సు వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది, ఎండ మాత్రం మనకి మూడింటికి ఉన్నట్టుంది.

బస్సు తప్పిపోకపోతే క్యాటకాల్‌లో పది నిమిషాలు ఉండి ఫోటో తీసుకుని వచ్చేసేవాళ్లం. అందుకే చెబుతున్నా, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రోజుకి రెండు చోట్లకి మించి పెట్టుకోకండి.

క్లైడ్_ఒడ్డున | జూన్ 22, రాత్రి 10:31

చాలా సంతోషం అమ్మా. నేను చెప్పిన ఊరికి వెళ్లి ఇంత బాగా రాశావు.

కొత్తగా వెళ్లేవాళ్లకి రెండు మూడు మాటలు. ఆరన్ ఫెర్రీ ఇదివరకు ఆర్డ్రాసన్ నుంచే వెళ్లేది. 2025 జనవరి నుంచి గ్లెన్ సానక్స్ అనే కొత్త ఓడ ట్రూన్ నుంచి నడవడం మొదలైంది. కాబట్టి టికెట్ మీద ఏ రేవు పేరుందో చూసుకుని రైలెక్కండి. రెండు రేవులకీ గ్లాస్గో సెంట్రల్ నుంచే రైళ్లున్నాయి. కారు లేకుండా వెళ్తే ఫెర్రీకి పెద్ద ఇబ్బంది ఉండదు. కారుతో అయితే వేసవిలో చాలా ముందు బుక్ చేసుకోవాలి.

బ్రాడిక్‌లో ఫెర్రీ దిగగానే బస్సులు ఎదురుగా ఉంటాయి, ఫెర్రీ టైముని బట్టే నడుపుతారు. స్కాట్లాండ్‌లో ఉంటున్న 22 ఏళ్లలోపు వాళ్లకి బస్సు ఉచితం, కార్డు తీసుకోవాలి. 60 దాటినవాళ్లకీ ఉచితమే, కానీ అదీ ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి వర్తించదు.

అన్నిటికంటే ముఖ్యమైనది: గాలి ఎక్కువైతే ఫెర్రీ రద్దవుతుంది. ఎండాకాలంలో కూడా. ఇండియా ఫ్లైట్‌కి ముందురోజు దీవిలో ఉండొద్దు. మాకు తెలిసిన కుటుంబం అలా ఇరుక్కుంది, వాళ్ల నాన్నగారి బీపీ మందులు సరిగ్గా ఆ రోజుకే లెక్కపెట్టి తెచ్చుకున్నారు. మందులు నాలుగు రోజులకి ఎక్కువే పెట్టుకోండి.

వీకెండ్_రైడర్ | జూన్ 22, రాత్రి 11:04

అక్కా, బాగా రాశారు. కానీ రోజుకి రెండు చోట్లే అనే మాట అందరికీ సరిపోదు. నేను పోయిన మే నెలలో సైకిల్ మీద 56 మైళ్లూ ఒక్క రోజులో చుట్టాను. మరుసటి రోజు గోట్‌ఫెల్ ఎక్కాను, 874 మీటర్లు, ఎక్కి దిగడానికి ఆరు గంటలు పట్టింది. పైనుంచి ఐర్లాండ్ తీరం కనిపించింది. నాకదే సెలవు, అదే విశ్రాంతి. పడమటి వైపు పిర్న్‌మిల్ దగ్గర సముద్రం పక్కనే రోడ్డు మీద తొక్కుతుంటే ఎదురుగాలి కూడా హాయిగా అనిపించింది. వారమంతా స్క్రీన్ ముందు కూర్చునేవాడికి కూర్చోవడం కాదు కావాల్సింది.

తెనాలి_అమ్మాయి | జూన్ 22, రాత్రి 11:20

నిజమే తమ్ముడూ, నేను పెద్దవాళ్లతో వెళ్లేవాళ్ల గురించే అన్నాను. ఒకటి అడుగుతా, క్యాటకాల్ మీదుగానే వెళ్లుంటావు కదా, కిటికీలు చూశావా?

వీకెండ్_రైడర్ | జూన్ 22, రాత్రి 11:26

తెల్ల ఇళ్ల వరుస గుర్తుంది. కిటికీల సంగతి మీరు రాశాకే తెలిసింది. ఈసారి ఆగుతాను అక్కా. గోట్‌ఫెల్ మాత్రం మళ్లీ ఎక్కుతాను.

రాయీరప్పా | జూన్ 23, ఉదయం 7:12

నేను జియాలజీ చదువుతున్నాను, మాది కడప. మీ నాన్నగారి ఫోటోల్లో మూడోది చూసి నిద్రమత్తు వదిలిపోయింది. ఆయన సరైన చోటే నిలబడ్డారు!

ఆ ఫోటోలో కింద బూడిదరంగు రాయి పొరలు ఒకవైపుకి వాలి ఉన్నాయి, వాటి మీద ఎర్రటి, లేత రంగు ఇసుకరాయి పొరలు ఇంకోవైపుకి వాలి ఉన్నాయి, చూడండి. కిందిది షిస్టు, 50 కోట్ల ఏళ్ల పైబడినది. పైది సుమారు 35 కోట్ల ఏళ్లది. మధ్యలో ఉన్న కోట్ల ఏళ్లకి అక్కడ రాయి లేదు. ఎందుకంటే కింది రాయి సముద్రం అడుగున బురదగా పేరుకుంది, గట్టిపడింది, భూమి లోపలికి పోయి నలిగి మారింది, కొండగా పైకి లేచింది, ఎండకి వానకి అరిగిపోయింది. ఆ అరిగిన నేల మీద కొత్తగా ఇసుక పేరుకుని పై రాయి అయింది. ఆ తర్వాత రెండూ కలిసి మళ్లీ వాలాయి. ఇంత జరగడానికి ఎంత కాలం కావాలి?

భూగర్భశాస్త్రవేత్త జేమ్స్ హటన్ 1787లో ఆరన్ వచ్చి అక్కడ ఆ కలయికని చూసి ఈ ప్రశ్నే వేసుకున్నాడు. అప్పట్లో యూరప్‌లో చాలామంది భూమి వయసు ఆరు వేల ఏళ్లే అనుకునేవారు. మరుసటి ఏడు స్కాట్లాండ్ తూర్పు తీరంలోని సిక్కర్ పాయింట్‌లో ఇంకా స్పష్టంగా చూశాడు. ఆధునిక భూగర్భశాస్త్రం మొదలైన చోట్లలో మీ నాన్నగారు నిలబడిన చోటు ఒకటి.

ఇలాంటిది మన దగ్గరా ఉంది, చాలామందికి తెలియదు. తిరుమల ఘాట్ రోడ్డులో కొండ కోసిన చోట కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు పొరలు కనిపిస్తాయి. కిందిది దాదాపు 250 కోట్ల ఏళ్లది, పైది 160 కోట్ల ఏళ్ల నాటిది. మధ్యలో ఎనభై కోట్ల ఏళ్లకి పైగా ఖాళీ. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూగర్భశాస్త్ర స్మారకంగా ప్రకటించింది. మనం గోవిందా అనుకుంటూ బస్సులో దాని పక్కనుంచే వెళ్తాం. నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారీ చూడలేదు. కాలేజీలో మా సార్ ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్లి ఆ గీత మీద నా చెయ్యి పెట్టించారు. బొటనవేలు గ్రానైటు మీద, చిటికెనవేలు పై రాయి మీద. ఆ రోజే ఈ సబ్జెక్టు చదవాలని నిర్ణయించుకున్నా.

తెనాలి_అమ్మాయి | జూన్ 23, ఉదయం 8:05

బాబూ, ఇది నాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. "ముప్పై ఏళ్లు పిల్లలకి శిలల పాఠం చెప్పాను, తిరుమల కొండ ఉదాహరణ ఒక్కసారీ చెప్పలేకపోయాను" అన్నారు. ఇండియా వెళ్లాక తిరుపతికి టికెట్ బుక్ చెయ్యమంటున్నారు. ఘాట్ రోడ్డులో సరిగ్గా ఎక్కడో చెప్పగలవా?

రాయీరప్పా | జూన్ 23, ఉదయం 8:19

తప్పకుండా. లొకేషన్ మీకు మెసేజ్ చేస్తాను. కొండ మీద దేవుడి దర్శనం అయ్యాక శిలాతోరణం కూడా చూడమనండి, అదీ సహజంగా ఏర్పడిందే. ట్రాఫిక్ ఉన్న మలుపుల్లో దిగొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

పాలమూరు_బిడ్డ | జూన్ 23, మధ్యాహ్నం 1:40

క్యాటకాల్ ఇళ్ల గురించి ఒక విషయం కలపాలి. కొవ్వొత్తి కథ అందమైనదే. కానీ ఆ ఇళ్లు ఎందుకు కట్టారో కూడా తెలియాలి.

వాటి వెనక క్యాటకాల్ లోయ ఉంది కదా, అక్కడ తరతరాలుగా సాగు చేసుకుని బతికిన కుటుంబాలని ఖాళీ చేయించారు, జింకల వేటకి ఆ లోయ కావాలని. వాళ్లకోసం సముద్రం ఒడ్డున 19వ శతాబ్దం మధ్యలో ఈ వరుస కట్టారు. ఇక నుంచి చేపలు పట్టుకుని బతకండి అని. పొలం చేసుకునేవాళ్లని చేపలు పట్టమంటే ఎట్లా? ఆ ఇళ్లలోకి వెళ్లడానికి వాళ్లు ఒప్పుకోలేదట, కొంతకాలం ఖాళీగానే ఉన్నాయి. ఆకలి వరుస అని ఇంకో పేరు కూడా ఉండేది.

దానికంటే ముందు 1829లో సానక్స్ నుంచి వెళ్లగొట్టినవాళ్లు లామ్లాష్‌లో కలెడోనియా అనే ఓడెక్కి కెనడాలోని క్యుబెక్‌కి వెళ్లిపోయారు. గొర్రెల పెంపకానికి భూమి కావాల్సొచ్చింది. ఆ భూములు హామిల్టన్ డ్యూకులవి. లామ్లాష్‌లో సముద్రం ఒడ్డున పచ్చిక మీద వాళ్ల జ్ఞాపకంగా రాళ్లు నిలబెట్టారు. అక్కా, మీరు మూడు రాత్రులు అక్కడే ఉన్నారు కాబట్టి చూసే ఉంటారు.

నాకు ఇది ఎందుకు గుచ్చుకుంటుందంటే, మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. కృష్ణ ఒడ్డున ఊరు. నీళ్లు తగ్గిన ఎండాకాలంలో గోడల మొదళ్లు పైకి తేలుతాయి. మా అమ్మమ్మ ఏ ఏడైనా అక్కడికి వెళ్తే గడప ఎక్కడుండేదో అడుగులు లెక్కపెట్టి చెప్పేది. ఆరన్‌లో లోయలోకి నడిస్తే కూడా బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కల ఆకుల కింద పాత ఇళ్ల పునాదులు కనిపిస్తాయి. నేను పోయినేడు సానక్స్ లోయలో నడిచాను. రాళ్ల వరుస, మధ్యలో గడప స్థలం. అక్కడ నిలబడి అమ్మకి ఫోన్ చేశాను.

తెనాలి_అమ్మాయి | జూన్ 23, సాయంత్రం 6:15

ఆ రాళ్లు చూశాం. రోజూ వాటి పక్కనుంచే బస్సుకి వెళ్లాం. ఓడ గురించి రాసింది చదివాను కానీ క్యాటకాల్ ఇళ్లకీ ఇలాంటి కథే ఉందని తెలియదు. అమ్మకి ఇప్పుడే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే ఆ తల్లి అడక్కుండా కుర్చీ తెచ్చిందేమో" అంది. ఆవిడ ఆ కుటుంబాల మనిషో కాదో నాకు తెలియదు. అమ్మ మాట మాత్రం ఇక్కడ రాయాలనిపించింది.

క్లైడ్_ఒడ్డున | జూన్ 23, రాత్రి 8:44

పాలమూరు బిడ్డా, మంచి మాట రాశావు. ఎనిమిదేళ్లుగా ఏడాదికోసారి ఆ ఇళ్ల ముందు నుంచి వెళ్తున్నా, ఇది తెలియదు.

మాక్రీ మూర్ నిలువురాళ్లు చూశావా?

పాలమూరు_బిడ్డ | జూన్ 23, రాత్రి 9:30

చూశాను అన్నా. అసలు ఆరన్‌కి నేను వెళ్లిందే వాటి కోసం. మాది ముడుమాల్‌కి దగ్గర. కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లాలో ఉంది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. పది, పన్నెండు అడుగుల నిలువురాళ్లు. చిన్నప్పుడు మా బడి నుంచి తీసుకెళ్లారు.

మాక్రీకి రోడ్డు మీద బస్సు దిగి మైలున్నర నడవాలి, గొర్రెలు మేసే పొలాల మధ్య మట్టిబాట. వాన పడితే బురద, కానీ ఎక్కుడు లేదు. ఒకచోట కాదు, ఆ మైదానంలో అక్కడక్కడ ఆరు రాతి వలయాలు. కొన్ని గుండ్రటి గ్రానైటు బండలు, కొన్ని సన్నగా ఎత్తుగా నిలబడిన ఎర్ర ఇసుకరాళ్లు. ఎత్తయినది దాదాపు ఐదున్నర మీటర్లు. నాలుగు వేల ఏళ్ల కిందటివి. ఆ రాళ్ల మీద వాన ధారలు కట్టి గాడులు పడ్డాయి, పైనుంచి కిందికి, చెయ్యి పెడితే వేళ్లు సరిగ్గా ఇమిడేంత.

ముడుమాల్‌లోనూ, మాక్రీలోనూ రాళ్ల వరుసకీ నడివేసవి (పగలు అతి పొడుగ్గా ఉండే జూన్ 21 ప్రాంతం) సూర్యోదయానికీ సంబంధం ఉందని పరిశోధకులు అంటారు. మాక్రీలో ఆ రోజు పొద్దు, కొండల మధ్య ఒక నొక్కులోంచి పొడుస్తుంది. మా దగ్గర రాళ్లకి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు. అక్కడ మాత్రం ఫింగల్ అనే వీరుడు తన కుక్కని ఒక బెజ్జం ఉన్న రాయికి కట్టేశాడని చెప్పుకుంటారు. ఆ బెజ్జం నేను చూశాను.

భీమవరం_చేప | జూన్ 24, ఉదయం 10:02

లామ్లాష్ సముద్రం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. అక్కడి సముద్రం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. కానీ 2008లో ఆ అఖాతంలో కొంత భాగంలో చేపలు పట్టడం పూర్తిగా ఆపేశారు. స్కాట్లాండ్‌లో అలాంటిది అదే మొదటిది. ప్రభుత్వం తనంతట తను చేసింది కాదు, ఆ ఊరివాళ్లు సంఘం కట్టి పదేళ్లకి పైగా అడిగితే వచ్చింది. స్కాలప్స్ అనే గుల్ల జీవుల కోసం ఇనుప పళ్ల వలలతో అడుగంతా గీకేయడం వల్ల నేల పాడైపోయిందని వాళ్ల బాధ. అక్కడ మేర్ల్ అని గులాబీ రంగు నాచు ఉంటుంది, పగడంలా గట్టిగా. ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగడం కష్టం. పిల్ల చేపలు దాని కొమ్మల మధ్యే దాక్కుంటాయి. ఒకసారి వల లాగితే వందేళ్ల పెరుగుదల పోయినట్టే.

ఆపేశాక స్కాలప్స్, లాబ్‌స్టర్లు పెరిగాయని పరిశోధనల్లో తేలింది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంది కదా, అది గుడ్లు పెట్టే కాలానికి. ఇక్కడ ఒక చోటుని ఏడాది పొడవునా వదిలేశారు. మా నాన్న చెరువుల మనిషి, ఆయనకి వీడియో కాల్‌లో ఆ నీళ్లు చూపించాను. అల ఒడ్డుకి తెచ్చిన మేర్ల్ ముక్క చేత్తో పట్టుకుని చూపిస్తే అది రాయా, మొక్కా అని మూడుసార్లు అడిగారు. చూపించి మళ్లీ అక్కడే పెట్టేశాను.

ఎడిన్‌బరా_సుబ్బలక్ష్మి | జూన్ 24, మధ్యాహ్నం 3:18

నేను మా అబ్బాయి దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. ఈ వారాంతం తీసుకెళ్తానంటున్నాడు. రెండు సందేహాలు. నేను గుడ్డు కూడా తినను, అక్కడ ఏం దొరుకుతుంది? లామ్లాష్ ఎదురుగా బౌద్ధుల దీవి ఉందన్నారు, నేను వెళ్లగలనా? నాకు 66.

తెనాలి_అమ్మాయి | జూన్ 24, సాయంత్రం 5:55

నమస్కారం పిన్నిగారూ. తిండికి భయపడకండి. కాల్చిన బంగాళాదుంప, బీన్స్ దాదాపు ప్రతి కెఫేలో ఉంటాయి. ఆ రోజు సూప్ ఏంటో, మాంసం నీళ్లతో చేశారా అని అడగండి. టాటీ స్కోన్ అని బంగాళాదుంప రొట్టె ఉంటుంది, అది మా అమ్మకి నచ్చింది. ఆరన్ చీజ్ పేరున్నదే కానీ చీజ్‌లు కొన్నిటిలో జంతువుల రెనెట్ (పాలు విరగడానికి వేసేది) వాడతారు, ప్యాకెట్ మీద శాకాహారమని ఉందో లేదో చూసి కొనండి. పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్తే ఇంకా నిశ్చింత.

మీరన్నది హోలీ ఐల్. మేము మూడో రోజు వెళ్లాం. లామ్లాష్ నుంచి చిన్న పడవ, పది నిమిషాలు. సీజన్‌లోనే నడుస్తుంది, గాలి ఉంటే నడవదు. పడవ ఎక్కి దిగేటప్పుడు చెయ్యి పట్టుకుంటారు, కానీ ఒక అడుగు ఎత్తుగా వెయ్యాలి, అదొక్కటే ఆలోచించుకోండి. 1992లో సామ్యే లింగ్ అనే టిబెటన్ బౌద్ధ సంస్థ ఆ దీవిని కొన్నది. దిగగానే ప్రార్థనా పతాకాలు, తెల్లటి స్తూపాలు కనిపిస్తాయి. అక్కడ మద్యం, హింస, అబద్ధం, దొంగతనం లాంటివి వద్దని వచ్చినవాళ్లని కోరతారు. అంతకుముందు వెయ్యేళ్లకి పైగా మొలైస్ అనే క్రైస్తవ సన్యాసి గుహ వల్ల పవిత్రస్థలం అది.

అమ్మ ఆ పతాకాలు చూడగానే "అమరావతిలో ఉన్నవే కదా" అంది. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం జరిపినప్పుడు అమ్మ తెనాలి నుంచి వెళ్లింది. బుద్ధుడు కాలచక్రం మొదట బోధించింది ధాన్యకటకంలోనే, అంటే అమరావతి దగ్గరే అని టిబెటన్ల నమ్మకం. అక్కడున్న ఒక ఆవిడకి మాది అమరావతి పక్క ఊరు అని నేను చెబితే, చేతులు జోడించి అమ్మకి నమస్కారం పెట్టారు. అమ్మ కంగారుపడి తనూ పెట్టింది.

దీవిలో గుర్రాలు, మేకలు వాటంతట అవి తిరుగుతాయి, దగ్గరికి వెళ్లకండి. గుహ దాకా బాట కొంచెం ఎగుడుదిగుడు, అమ్మ వెళ్లలేదు. పడవ రేవు దగ్గర బల్ల మీద కూర్చుని టీ తాగింది.

ఎడిన్‌బరా_సుబ్బలక్ష్మి | జూన్ 24, సాయంత్రం 6:20

అమ్మాయీ, నిండు నూరేళ్లు చల్లగా ఉండు. బస్సు మెట్టు ఎత్తు ఎంతుంది తల్లీ?

తెనాలి_అమ్మాయి | జూన్ 24, సాయంత్రం 6:27

తక్కువే పిన్నిగారూ, మన ఆర్టీసీ బస్సులో సగం కూడా లేదు. డ్రైవర్లు మీరు కూర్చునేదాకా కదలరు. మిడ్జెస్ అని ఆవగింజలో సగం ఉండే దోమల్లాంటి పురుగులుంటాయి, గాలి లేని సాయంత్రాల్లో చెట్ల దగ్గర కుడతాయి. పొడుగు చేతుల జాకెట్టు, తలకి శాలువా పెట్టుకోండి. టైంటేబుల్ మాత్రం బ్రాడిక్ రేవులో కొత్తది తీసుకోండి.

ఎడిన్‌బరా_సుబ్బలక్ష్మి | జూన్ 30, ఉదయం 9:12

వెళ్లొచ్చాం. శనివారం పొద్దున్నుంచి వాన. హోలీ ఐల్ పడవ లేదన్నారు. మా అబ్బాయి బాధపడ్డాడు. నేనే లోక్‌రాంజా పోదామన్నాను. కోట కనిపించీ కనిపించనట్టుంది పొగమంచులో. జింకలు వాన కదా అని ఎక్కడో చెట్ల కిందకి పోయాయి, ఒక్క ఆడ జింక, దాని పిల్ల మాత్రం రోడ్డు దాటాయి. పిల్ల ఒంటి మీద తెల్లటి చుక్కలున్నాయి. తల్లికి లేవు. మన జింకలకి పెద్దయినా చుక్కలుంటాయి, వీటికి పోతాయట.

క్యాటకాల్‌లో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. కిటికీలు లెక్కపెట్టేలోగా బస్సు కదిలింది, ఏడు లెక్కపెట్టగలిగాను. సెప్టెంబరులో మళ్లీ తీసుకెళ్తానన్నాడు.